ఒక పరిశోధన వ్యాసం ప్రచురించడానికి నిజంగా ఎంత ఖర్చవుతుంది?

ప్రశ్న – తొలిఅడుగు

అందరికీ నమస్కారం. నేను కణజీవశాస్త్రంలో పిహెచ్.డి. చివరి దశలో ఉన్నాను. మా వ్యాసాన్ని ఒక పెద్ద ప్రచురణ సంస్థకు చెందిన జర్నల్ రెండు విడతల సమీక్ష తరువాత అంగీకరించింది. అంగీకార లేఖతో పాటు ఒక ఎంపిక పత్రం కూడా వచ్చింది. వ్యాసాన్ని చందాదారులు మాత్రమే చదివేలా ఉంచితే మేము చెల్లించవలసినదేమీ లేదట. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఓపెన్ యాక్సెస్‌లో పెట్టాలంటే మాత్రం మూడు వేల డాలర్లకు పైగా ప్రచురణ రుసుము, అందరూ ఏపీసీ అని పిలిచేది, కట్టాలట. మా ప్రాజెక్టు నిధుల్లో ఇందుకోసం కేటాయించిన సొమ్ము లేదు. మా మార్గదర్శకులు మాత్రం "మంచి జర్నల్ అంటే ఆ మాత్రం ఖర్చు ఉంటుంది, ఎక్కడి నుంచైనా సర్దుదాం" అంటున్నారు.

డబ్బు లేకపోవడం ఒక సమస్య అయితే, ఆ డబ్బు దేనికో అర్థం కాకపోవడం నాకు అంతకంటే పెద్ద సమస్యగా ఉంది. ప్రయోగాలు చేసినది మేము, రాసినది మేము. సమీక్షించినవారికి జర్నల్ ఏమీ చెల్లించలేదు. బొమ్మలను సైతం వారు చెప్పిన కొలతలకు, వారు కోరిన ఫార్మాట్‌లోకి మేమే మార్చి పంపాం. ఆ జర్నల్ కాగితం మీద అచ్చు కావడం ఎప్పుడో ఆగిపోయింది. అలాంటప్పుడు ఒక్క వ్యాసం మీద ప్రచురణకర్తకు అయ్యే అసలు ఖర్చెంత, ఆ ఖర్చుకూ రుసుముకూ ఉన్న సంబంధమేమిటి, ఎక్కువ రుసుము తీసుకునే జర్నల్ నిజంగానే మెరుగైన పని చేస్తుందా అన్న విషయాలు తెలిసినవారు చెప్పగలరా? రచయిత నుంచీ పాఠకుడి నుంచీ ఏమీ తీసుకోని జర్నళ్లు కూడా ఉన్నాయంటారు. అవి దేని మీద నడుస్తున్నాయో కూడా తెలుసుకోవాలని ఉంది.


సమాధానం – సంపాదకుడి బల్ల

తొలిఅడుగు గారూ, ముందుగా అభినందనలు. నేను ఒక విద్వత్ సంఘం నడిపే జర్నల్‌కు జీతం లేని సంపాదకుణ్ణి. అయితే మా కార్యాలయంలో జీతం తీసుకునేవారు ఉన్నారు, ఏటా ఆ పద్దు మీద సంతకం పెట్టేవారిలో నేనూ ఒకణ్ణి. కాబట్టి సమీక్ష ఉచితమై, అచ్చు కూడా లేనప్పుడు ఖర్చు ఎక్కడ పుడుతుందో లోపలివైపు నుంచి చెప్పగలను.

సమీక్షకులు డబ్బు తీసుకోరు, నిజమే. కాని సమీక్షను జరిపించడానికి డబ్బు అవుతుంది. వచ్చిన ప్రతి రాతప్రతినీ ఎవరో ఒకరు తెరిచి, అది జర్నల్ పరిధిలోకి వస్తుందో లేదో, నైతిక అనుమతుల వివరాలు ఉన్నాయో లేదో, రచయితలు తమ ఆర్థిక ప్రయోజనాలను ప్రకటించారో లేదో చూడాలి. పాఠాన్ని ఇతర ప్రచురణలతో పోల్చే సాఫ్ట్‌వేర్ గుండా పంపి, అది చూపిన పోలికల్లో ఏది గ్రంథచౌర్యమో ఏది మామూలు పద్ధతుల వర్ణనో మనిషి కూర్చుని తేల్చాలి. ఇద్దరు సమీక్షకులు ఒప్పుకోవడానికి ఎనిమిది, పది మందిని అడగవలసి రావడం ఇప్పుడు వింత కాదు. గడువు దాటినవారికి గుర్తుచేయాలి, ఒప్పుకుని మాయమైనవారి స్థానంలో మరొకరిని పట్టుకోవాలి, ఒకరు బాగుందని ఇంకొకరు పనికిరాదని రాస్తే మూడో అభిప్రాయం తెప్పించాలి. ఇదంతా నడిచే సమర్పణ వ్యవస్థకు, అది స్కాలర్‌వన్ కావచ్చు, ఎడిటోరియల్ మేనేజర్ కావచ్చు, లైసెన్సు సొమ్ము కట్టాలి.

వ్యాసం అంగీకారం పొందాక భాషను సరిదిద్దే పని మొదలవుతుంది. ఆ తరువాత మీరు పంపిన ఫైలును యంత్రాలు చదవగల ఎక్స్‌ఎంఎల్‌గా మార్చి, దాని నుంచి పీడీఎఫ్‌నూ వెబ్ పుటనూ తయారు చేస్తారు. పట్టికలు, సమీకరణాలు, ఉల్లేఖనల లంకెలు ఇక్కడే చెడిపోతుంటాయి కనుక ఒకటికి రెండుసార్లు చూడాలి. వ్యాసానికి శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన డీఓఐ నమోదుకు క్రాస్‌రెఫ్ అనే సంస్థ తీసుకునేది కొత్త వ్యాసానికి సుమారు ఒక డాలరే. సర్వర్ ఖర్చును వ్యాసాల మీద పంచితే అది కూడా పెద్దగా కనిపించదు. ప్రచురణకర్త మూతబడినా వ్యాసం నిలిచేలా క్లాక్స్, పోర్టికో వంటి భద్రపరిచే వ్యవస్థలకు ఏటా కొంత కట్టాలి. ఖర్చంతా కంప్యూటర్లలో ఉంటుందని బయటివారు అనుకుంటారు కాని, అందులో అత్యధిక భాగం మనుషుల సమయానిదే.

మీ రంగంలో ఇంకొక పని తప్పదు. ప్రోటీన్లను పట్టీలుగా చూపే వెస్టర్న్ బ్లాట్ బొమ్మలో ఒకే పట్టీ రెండుచోట్ల కనిపిస్తోందా, సూక్ష్మదర్శిని చిత్రం పాత వ్యాసం నుంచి తిప్పి పెట్టినదా అన్నది ప్రచురణకు ముందే చూడాలి. చూడకపోతే అయిదేళ్ల తరువాత ఫిర్యాదు వస్తుంది. అప్పుడు అసలు డేటా తెప్పించడం, సంస్థలతో ఉత్తర ప్రత్యుత్తరాలు, సవరణ వేయాలా ఉపసంహరించాలా అన్న నిర్ణయం, కొన్నిసార్లు న్యాయవాది సలహా, ఇవన్నీ కలిసి ఒక్క వ్యాసం మీద నెలల తరబడి సమయం తీసుకుంటాయి. ఆ సమయానికి ఎవరూ విడిగా రుసుము కట్టరు.

ఇక అసలు లెక్క తిరస్కరణలది. రుసుము కట్టేది ప్రచురితమైన వ్యాసం మాత్రమే. పని జరిగేది వచ్చిన ప్రతి రాతప్రతి మీద. ఉదాహరణకు ఒక రాతప్రతిని పరిశీలించి నిర్ణయం చెప్పడానికి 100 డాలర్ల పని పడుతుందనుకుందాం. రెండింట ఒకటి తీసుకునే జర్నల్‌లో ప్రచురితమైన వ్యాసం మీద పడే భారం 200 డాలర్లు. పదింట ఒకటి తీసుకునే జర్నల్‌లో అదే పనికి 1,000 డాలర్లు. దానికి తోడు సంపాదకులు పూర్తికాలపు ఉద్యోగులైతే అంకె ఎక్కడికో పోతుంది. నేచర్ పత్రికకు ఒక్కో వ్యాసం మీద అయ్యే ఖర్చు 20,000 నుంచి 30,000 పౌండ్లు ఉంటుందని దాని అప్పటి ప్రధాన సంపాదకుడు ఫిలిప్ క్యాంప్‌బెల్ 2013లో చెప్పారు. ఆ పత్రికలో వార్తలు, వ్యాఖ్యానాలు కూడా ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. అయినా తిరస్కరణ భారం ఎంతటిదో ఆ అంకె చెబుతుంది.

రచయిత నుంచి డబ్బు అడగడం కూడా ఇంటర్నెట్ తెచ్చిన కొత్త ఆచారం కాదు. అమెరికా భౌతికశాస్త్ర జర్నళ్లు 1930లలోనే పుటకు ఇంత అని రచయితల సంస్థల నుంచి వసూలు చేశాయి. అచ్చు కాలంలో రంగు బొమ్మ వేయించుకోవాలంటే విడిగా కట్టవలసి వచ్చేది.


సమాధానం – చందాల పద్దు

సంపాదకులు గారు చెప్పిన పనుల జాబితాలో నేను కాదనేది ఏదీ లేదు. కాని తొలిఅడుగు గారు అడిగిన రెండో ప్రశ్న, అంటే ఖర్చుకూ రుసుముకూ ఉన్న సంబంధం, ఇంకా మిగిలే ఉంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జర్నళ్ల చందాలు చూసే ఉద్యోగం నాది. అక్కడ కూర్చుని చూస్తే కనిపించేది ఒక్కటే: ఖర్చు రుసుముకు కింది హద్దును మాత్రమే నిర్ణయిస్తుంది. పై హద్దును నిర్ణయించేది జర్నల్ పేరు.

అలెగ్జాండర్ గ్రాస్‌మన్, బ్యోర్న్ బ్రెంబ్స్ అనే ఇద్దరు 2021లో ప్రచురణలోని ఒక్కొక్క పనికీ మార్కెట్లో దొరికే సేవల ధరలు తీసుకుని లెక్క కట్టారు. ప్రచురణ తరువాత సమీక్ష జరిపే పెద్ద వేదికల్లో వ్యాసానికి 200 డాలర్ల లోపు, 90 శాతానికి పైగా తిరస్కరించే పేరున్న జర్నళ్లలో సుమారు 1,000 డాలర్లు, సాధారణ వ్యాసానికి సుమారు 400 డాలర్లు అన్నది వారి అంచనా. తిరస్కరణ భారాన్ని లెక్కలో వేసుకున్న తరువాతి అంకెలివి. దీని పక్కన మరొకటి పెట్టి చూడండి. 2011లో విజ్ఞానశాస్త్ర ప్రచురణ రంగం ఆదాయం 940 కోట్ల డాలర్లు, ఆ ఏడాది వెలువడిన ఆంగ్ల వ్యాసాలు సుమారు 18 లక్షలు. అంటే వ్యాసానికి సగటున దాదాపు 5,000 డాలర్ల రాబడి. మధ్యలో ఉన్న తేడా అంతా లాభమే అనను. అమ్మకాల సిబ్బంది, ప్రచారం, కొత్త జర్నళ్ల ప్రారంభం, కొన్న కంపెనీల బాకీలు, అన్నీ అందులోనే ఉంటాయి. లాభం మాత్రం చిన్నది కాదు. పెద్ద ప్రచురణ సంస్థల్లో ఒకటైన ఎల్సెవియర్ మాతృసంస్థ రెలెక్స్ వార్షిక నివేదికల్లో ఈ విభాగపు నిర్వహణ లాభం కొన్నేళ్లుగా రాబడిలో 37, 38 శాతం దగ్గర ఉంటోంది.

ఇంత లాభం పోటీలో ఎందుకు కరిగిపోదు? ఒక వ్యాసానికి బదులు మరొకటి చదివి సరిపెట్టుకోవడం కుదరదు కాబట్టి. మీకు కావలసిన ఫలితం ఒక జర్నల్‌లో ఉంటే, పక్క జర్నల్ సగం ధరకు దొరికినా ఉపయోగం లేదు. పైగా మందు రాసేవారు ఒకరు, కొనేవారు మరొకరు అన్నట్టు, జర్నల్‌ను ఎంచుకునేది రచయిత, బిల్లు కట్టేది గ్రంథాలయం. ఈ సంగతి బ్రిటన్ ప్రచురణకర్త రాబర్ట్ మాక్స్‌వెల్ రెండో ప్రపంచ యుద్ధం తరువాతే కనిపెట్టి పెర్గమాన్ ప్రెస్‌ను వందల జర్నళ్ల సంస్థగా పెంచాడు. 1991లో దాన్ని ఎల్సెవియర్‌కు అమ్మాడు. చందా ధరలు గ్రంథాలయాల బడ్జెట్లను మించి పెరుగుతూ పోవడమే పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా అందాలన్న 2002 నాటి బుడాపెస్ట్ ఓపెన్ యాక్సెస్ ప్రకటనకు దారితీసిన కారణాల్లో ఒకటి.

రచయిత వైపు రుసుముకు మార్చితే, రచయిత ధరలు పోల్చి చూస్తాడు కాబట్టి పోటీ పెరుగుతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో 2003లో మొదలైన ప్లాస్ బయాలజీ 1,500 డాలర్లు, 2006లో వచ్చిన ప్లాస్ వన్ 1,250 డాలర్లు అడిగాయి. ఈ అంకెలు తగ్గుతాయని ఆశించినవారు 2020 నవంబరులో నేచర్ తన ఓపెన్ యాక్సెస్ రుసుమును 9,500 యూరోలుగా ప్రకటించడం చూశారు. రచయిత ధర చూడలేదు, పేరు చూశాడు. ఉద్యోగం, పదోన్నతి, గ్రాంటు అన్నీ పేరు మీదే ఆధారపడినప్పుడు అతణ్ణి తప్పుపట్టలేం కూడా.

మీకు వచ్చిన ఎంపిక పత్రాన్ని బట్టి అది హైబ్రిడ్ జర్నల్. గ్రంథాలయాలు దానికి చందా కడుతూనే ఉంటాయి. అందులోని కొన్ని వ్యాసాలకు రచయితలు రుసుము కూడా కడతారు. ఒకే సంచికకు రెండు వైపుల నుంచి రాబడి వస్తుందన్న విమర్శ అందుకే వచ్చింది. దీనికి విరుగుడుగా చందానూ రుసుములనూ కలిపి దేశమంతటికీ లేదా విశ్వవిద్యాలయాల కూటమికీ ఒకే ఒప్పందం చేసుకోవడం మొదలైంది. 2019లో జర్మనీలోని విశ్వవిద్యాలయాల, పరిశోధన సంస్థల కూటమి ప్రాజెక్ట్ డీల్ వైలీ ప్రచురణ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో వ్యాసానికి 2,750 యూరోలు అని రాసుకున్నారు. దాన్ని విజయమన్నవారున్నారు. నా దృష్టిలో మాత్రం, ఆ అంకె పాత చందా మొత్తాన్ని వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది కనుక, పాత ధరకు కొత్త పేరు తగిలించినట్టే అయింది.

ఎక్కువ రుసుము అంటే ఎక్కువ నాణ్యతా అన్నారు. మెదడు చిత్రణ మీద వచ్చే న్యూరోఇమేజ్ జర్నల్ సంగతి చూడండి. 2023లో దాని రుసుము 3,450 డాలర్లు ఉండేది. అది తగ్గించమని సంపాదకులు అడిగారు, దాన్ని ప్రచురించే ఎల్సెవియర్ ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో నలభై మందికి పైగా ఉన్న సంపాదకులు అంతా కలిసి రాజీనామా చేసి, ఎంఐటీ ప్రెస్‌తో ఇమేజింగ్ న్యూరోసైన్స్ అనే కొత్త జర్నల్ మొదలుపెట్టి, రుసుము 1,600 డాలర్లుగా పెట్టారు. చదివి నిర్ణయించే మనుషులు వాళ్లే, రంగం అదే, సమీక్షకులు ఇంచుమించు అదే సముదాయం. నాణ్యత ఎవరి చేతుల్లో ఉందో, మిగిలిన 1,850 డాలర్లు దేనికి పోయేవో మీ మార్గదర్శకులను అడగవచ్చు.


సమాధానం – సమితి

గణితంలో పనిచేసేవాణ్ణి. పై ఇద్దరి అంకెలూ మా రంగంవారికి పెద్దవిగానే కనిపిస్తాయి. మేము వ్యాసాన్ని పుటల కూర్పు కూడా చేసిపెట్టే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో రాస్తాం, ముందు ఆర్కైవ్ అనే ఉచిత వేదికలో పెడతాం. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో మొదలుపెట్టిన ఆ వేదిక ఇవాళ మా రంగానికి అసలు గ్రంథాలయం. ఇక జర్నల్ చేయవలసినదల్లా సమీక్ష జరిపి ముద్ర వేయడమే. గణితజ్ఞుడు టిమొతీ గవర్స్ 2016లో ప్రారంభించిన డిస్క్రీట్ అనాలిసిస్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. వ్యాసం ఆర్కైవ్‌లోనే ఉంటుంది, జర్నల్ పుటలో దాని లంకె, పరిచయం మాత్రమే ఉంటాయి. సమర్పణ వ్యవస్థకు వారు మొదట్లో కట్టినది ఒక్కో సమర్పణకు పది డాలర్లు. రచయిత నుంచి ఏమీ తీసుకోలేదు.

ఇంకొకటి, జర్నల్ ఆఫ్ మెషిన్ లెర్నింగ్ రీసెర్చ్. 2001లో మెషిన్ లెర్నింగ్ అనే చందా జర్నల్ సంపాదక మండలి నుంచి నలభై మంది రాజీనామా చేసి, అప్పుడే మొదలైన ఈ ఉచిత జర్నల్ వైపు వచ్చారు. 2012లో కంప్యూటర్ శాస్త్రవేత్త స్టువర్ట్ షీబర్ లెక్క కడితే దానికి వ్యాసానికి అయ్యే ఖర్చు సగటున ఆరున్నర డాలర్లని తేలింది. అందులోనూ పెద్ద వాటా పన్నుల కాగితాలు చూసే అకౌంటెంట్‌దట! ఆ జర్నల్ తన రంగంలో అగ్రశ్రేణిలో ఉందని వేరే చెప్పనక్కరలేదు. మూడు వేల డాలర్ల బిల్లు చూసినప్పుడు ఈ ఆరున్నర డాలర్లను కూడా తలచుకోవాలని నా మనవి.


సమాధానం – సంపాదకుడి బల్ల

సమితి గారి ఆరున్నర డాలర్ల లెక్క తప్పు కాదు. అయితే అది నగదు లెక్క. ఆ జర్నల్‌లో సంపాదకులు, నిర్వహణ చూసేవారు, వెబ్‌సైట్ చూసేవారు జీతం లేకుండా పనిచేశారు. సర్వర్‌ను విశ్వవిద్యాలయం ఇచ్చింది. పుటలు ఎలా కనిపించాలో రచయితలే లేటెక్‌లో తేల్చుకున్నారు. ఆ శ్రమ విలువ ఎవరో ఒకరి జీతంలో కలిసిపోయి ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఒక్క 2020లోనే సమీక్షకులు పది కోట్ల గంటలకు పైగా వెచ్చించారని ఒక అంచనా. ఆ కాలం విలువ కట్టడం మొదలుపెడితే ఏ జర్నలూ చవక కాదు. పైగా కంప్యూటర్ శాస్త్రవేత్తలు తమ వ్యవస్థను తామే రాసుకోగలరు. క్లినికల్ ట్రయల్ ఫలితాలు ప్రచురించే జర్నల్ అలా నడవలేదు. అక్కడ గణాంకాలు విడిగా పరిశీలించాలి, ట్రయల్ నమోదును సరిచూడాలి, రోగుల సమ్మతి పత్రాల గురించి అడగాలి.

అయినా మీ వాదనలోని అసలు బలాన్ని కాదనను. రచయిత నుంచీ పాఠకుడి నుంచీ ఏమీ తీసుకోని జర్నళ్లను ఇప్పుడు డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. ప్రపంచంలో అలాంటివి 17,000 నుంచి 29,000 దాకా ఉండవచ్చని పరిశోధన నిధుల సంస్థల కూటములైన కొయెలిషన్ ఎస్, సైన్స్ యూరప్ కలిసి చేయించిన 2021 అధ్యయనం అంచనా వేసింది. లాటిన్ అమెరికాలో ఇది మినహాయింపు కాదు, మామూలు పద్ధతి. 1997లో బ్రెజిల్‌లో మొదలైన సైయెలో ప్రజాధనంతో విశ్వవిద్యాలయాల జర్నళ్లకు ఉమ్మడి వేదికనిచ్చింది. పబ్లిక్ నాలెడ్జ్ ప్రాజెక్ట్ ఉచితంగా అందిస్తున్న ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ మీద వేల జర్నళ్లు నడుస్తున్నాయి, మాది కూడా అందులో ఒకటి.

వీటి బలహీనత మరోచోట ఉంది. ఎక్కువ భాగం ఏడాదికి కొద్ది వ్యాసాలు వేసే చిన్న జర్నళ్లు, నడిచేది స్వచ్ఛంద శ్రమతో. నడిపే ఆచార్యుడు పదవీ విరమణ చేస్తే ఏం జరుగుతుందన్నది చాలాచోట్ల తేలని ప్రశ్న. వ్యాసానికి 400 డాలర్ల చొప్పున కట్టే దాత దొరికితే ఇవన్నీ హాయిగా నడుస్తాయి. గ్రంథాలయాలు పెద్ద సంస్థలకు కట్టే దానిలో చిన్న వాటా ఇటు మళ్లించినా చాలు. కాని ఆ చందా ఆపితే మర్నాడే పాఠకుల ఫిర్యాదులు వస్తాయని గ్రంథాలయంవారు భయపడతారు. ఆ భయం అర్థం లేనిది కాదు.


తొలిఅడుగు

అందరికీ కృతజ్ఞతలు. బిల్లులో సగం పని, సగం పేరు అని అర్థమైంది. సగం అన్నది నా ఉజ్జాయింపు, దయచేసి దాని మీద చర్చ మొదలుపెట్టకండి. ఇక ఆచరణకు సంబంధించిన రెండు విషయాలు మిగిలాయి. మొదటిది, ఈ వ్యాసాన్ని మేము ప్రీప్రింట్‌గా, అంటే సమీక్షకు ముందటి ప్రతిగా, ఎక్కడా పెట్టలేదు. రుసుము కట్టకుండానే దీన్ని అందరికీ అందేలా చేసే మార్గం ఇంకా ఉందా, లేక ఆలస్యమైపోయిందా? రెండోది, అంగీకార వార్త వచ్చిన నాటి నుంచి "మా జర్నల్‌లో మూడు వందల డాలర్లకే, వారం రోజుల్లో" అంటూ ఈమెయిళ్లు వస్తున్నాయి. తరువాతి వ్యాసానికి అలాంటివి చూడవచ్చునని మా సహవిద్యార్థి ఒకరు అంటున్నారు.


సమాధానం – చందాల పద్దు

రెండోదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది చిన్నది: చూడవద్దు. రుసుము తక్కువ కావడం తప్పు కాదు. సమీక్షకు వారం చాలు అనడం తప్పు. సంపాదకులు గారు వివరించిన పని ఏదీ వారంలో అయ్యేది కాదు, కాబట్టి అక్కడ ఆ పని జరగదు. అలాంటిచోట మూడు వందల డాలర్లు పూర్తిగా నష్టమే, వ్యాసం కూడా పోయినట్టే, ఎందుకంటే ఒకసారి అక్కడ వెలువడితే మంచి జర్నల్ దాన్ని మళ్లీ తీసుకోదు. చవకైన, నిజాయతీ గల జర్నల్ కావాలంటే 2003లో లండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల సూచికలో వెతకండి. రుసుము లేని జర్నళ్లను విడదీసి చూపే సదుపాయం అందులో ఉంది. ఆ సూచికలో ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని నమ్మమని కాదు, ఆ జర్నల్‌లో ఈ మధ్య వచ్చిన వ్యాసాలు రెండు మూడు చదివితే సంగతి తెలిసిపోతుంది.

ఇక మీ వ్యాసం. మీ రంగంవారు వాడే ప్రీప్రింట్ వేదిక బయోఆర్కైవ్ ఇప్పుడు పనికిరాదు, ఎందుకంటే జర్నల్ అంగీకరించిన తరువాత సమర్పించే వ్యాసాలను అది తీసుకోదు. తరువాతి వ్యాసాన్ని జర్నల్‌కు పంపే రోజునే అక్కడ పెట్టండి. రుసుము మినహాయింపు అడుగుదామన్నా, పెద్ద సంస్థలు ఆదాయం తక్కువగా ఉన్న దేశాల రచయితలకు ఇచ్చే మినహాయింపులు చాలావరకు పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకే వర్తిస్తాయి. హైబ్రిడ్‌లో ఉచిత మార్గం ఎలాగూ ఉంది కదా అన్నది వారి సమాధానం. మీ విశ్వవిద్యాలయానికి ఆ సంస్థతో ఒప్పందం ఉందేమో మాత్రం ఈ రోజే గ్రంథాలయంలో అడగండి. ఉంటే, ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే రచయిత ఏ సంస్థకు చెందినవారన్న దాన్ని బట్టి మొత్తం రుసుము అందులోనే సర్దుబాటు కావచ్చు. ఆ రచయిత మీ మార్గదర్శకులై, వారికి మరో సంస్థతో కూడా అనుబంధం ఉంటే దాన్ని కూడా చూడండి.

అవేవీ కుదరకపోతే చందా మార్గాన్నే ఎంచుకోండి, డబ్బు కట్టకండి. ఆ తరువాత సమీక్షకుల సూచనలతో సవరించి, జర్నల్ అంగీకరించిన మీ సొంత ఫైలును మీ విశ్వవిద్యాలయం వ్యాసాలను అందరికీ అందుబాటులో ఉంచే రిపాజిటరీలో పెట్టండి. సంస్థ లోగోతో, పుట సంఖ్యలతో అందంగా తయారైన పీడీఎఫ్‌ను పెట్టకూడదు. మీరు చివరిసారి పంపిన రాతప్రతినే పెట్టాలి. చాలా జర్నళ్లు ఇందుకు అనుమతిస్తాయి, అయితే విజ్ఞానశాస్త్ర జర్నళ్లలో తరచుగా ఏడాది వరకు ఆగాలని గడువు విధిస్తాయి. మీ జర్నల్ నియమం ఏమిటో, షెర్పా రోమియో పేరుతో చాలాకాలంగా తెలిసిన, బ్రిటన్ సంస్థ జిస్క్ నిర్వహించే విధానాల సూచికలో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

మీ పరిశోధనకు డబ్బిచ్చినవారి షరతులు కూడా చదవండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ నిధులతో జరిగిన పనిపై 2025 జూలై 1 నుంచి అంగీకారం పొందిన వ్యాసాలను ఏ గడువూ లేకుండా, వెలువడిన రోజునే అందరికీ అందేలా పెట్టాలంటున్నాయి. గేట్స్ ఫౌండేషన్ 2025 నుంచి ఏపీసీలు కట్టడమే మానేసి, ప్రీప్రింట్ తప్పనిసరి చేసింది. మీ నిధులకు ఇలాంటి షరతు ఉంటే, జర్నల్ పెట్టే ఏడాది గడువుకూ దానికీ పొసగదు కాబట్టి, జర్నల్ పంపే ఒప్పంద పత్రం మీద సంతకం చేయకముందే దాని కార్యాలయానికి ఆ షరతును జతచేసి రాయండి. సంతకం అయ్యాక రాస్తే వారు మర్యాదగా జవాబిస్తారు కాని ఏమీ మారదు.